కళ్ళు మూసుకునే వేళ

ఆ బట్టలు కుట్టే కార్ఖానాలో మిషన్లకు కరెంటు ఇచ్చే ముందు ప్రార్థన జరిగేది. ఎవరి మిషను వెనుక వాళ్ళు నిలబడి కళ్ళు మూసుకోవాలి. ముందు నిలబడి యజమానురాలు చదువుతుంది. ఆవిడ "ఇక కానివ్వండి" అన్నాకే కళ్ళు తెరవాలి. అందరూ మూసుకునేవారు, కాజాలు కుట్టే ఆమె తప్ప.

కాజాలామెకు దేవుడి మీద నమ్మకం లేదు. పోనీ నటించవచ్చు కదా అంటే అది ఆమె వల్ల కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది, అంతే. పక్కవాళ్ళ మొహాలు మాత్రం చూసేది కాదు. ఎదుటివాళ్ళ కంచంలోకి చూడకూడనట్టే వాళ్ళ ప్రార్థనలోకీ తొంగిచూడకూడదని ఆమె లెక్క.

అలాంటిది, గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర పని ఖాళీ అవుతుందనగా యజమానురాలు గదిలోకి పిలిచి నెత్తిన పిడుగు వేసింది.

"నీ పనికి వంక పెట్టలేనమ్మా. బల్ల నీకే ఇద్దామనుకున్నా. కానీ ప్రార్థనలో నువ్వు కళ్ళు మూసుకోవని నా చెవిన పడింది. దేవుడంటే భయం లేనిదాని చేతికి తానులకు తానులు ఎలా అప్పగించేది?"

ఇంకా ఈ సన్న పని చేస్తే చూపు దక్కదని కళ్ళ డాక్టరు కాజాలామెకు తేల్చి చెప్పేశాడు. ఆ బల్ల తప్ప ఆమెకు వేరే దారి లేదు.

చాడీలు మోసింది ఎవరు? ఇస్త్రీ తాతా? పాపం, ఆయనకు ఆయన పెట్టె తప్ప లోకం తెలియదు. బొత్తాలు కుట్టే పిల్లా? దానికి సినిమా కబుర్లే చాలవు. ఇక మిగిలింది వదినే. వదినంటే భర్త అక్క. పక్క మిషను మీదే కాలర్లు కుడుతుంది, ఈ పని ఇప్పించిందీ ఆవిడే. తనకు నమ్మకం లేదని కాజాలామె నోరు విడిచి చెప్పింది ఆవిడొక్కదానికే. పైగా ఆవిడ భక్తురాలు. మన దీపమే కదా అని ముద్దు పెట్టుకుంటే మూతి కాలదూ?

సాయంత్రం ఇంటికి వెళ్తూ నడిరోడ్డు మీదే కడిగేసింది.

"పొట్ట కొట్టడానికి నీకు నేనే దొరికానా వదినా?"

"ఏంటే, ఏమైంది?"

"నంగనాచిలా అడక్కు. నా సంగతి ఆవిడ చెవిన వేసింది నువ్వు కాక ఇంకెవరు?"

వదిన ఆమెను అలా చూసి, చేతిసంచి రెండో చేతికి మార్చుకుని ముందుకు నడిచిపోయింది. జవాబు లేకే పోయిందని కాజాలామె తీర్మానించేసుకుంది.

మర్నాడు ప్రార్థనలో మొదటిసారి తల పక్కకు తిప్పింది. కొంప ముంచిన మనిషి మొహం ఎలా ఉంటుందో చూద్దామని. వదిన కళ్ళు గట్టిగా మూసుకుని గొణుగుతోంది. "దానికి ఆ బల్ల ఇప్పించు తండ్రీ. దాని చూపు కాపాడు."

కాజాలామె చుట్టూ చూసింది. తాత కళ్ళు మూసుకునే ఉన్నాడు, బొత్తాల పిల్లా అంతే. అసలు తన కళ్ళు తెరిచి ఉన్నాయని చూడాలంటే వాళ్ళవీ తెరిచి ఉండాలి కదా! ఈ ముక్క రాత్రంతా తన మట్టిబుర్రకు తట్టనే లేదు. గభాలున ముందుకు చూసింది.

యజమానురాలి నోరు ప్రార్థన చదువుతోంది, కళ్ళు ఒక్కో వరుసనూ తనిఖీ చేస్తున్నాయి. చూపులు కలిశాయి. ప్రార్థనలో ఒక్క మాట కూడా తడబడలేదు.

తర్వాత కాజాలామె తిన్నగా ఆవిడ గదిలోకి వెళ్ళింది. "ఎవరూ చెప్పలేదు కదండీ. మీరే చూశారు."

"అయితే ఏంటట? రేపట్నుంచి మూసుకో, బల్ల నీదే. లోపల ఏమనుకుంటావో నాకెందుకు?"

"మరి మీరు మూసుకోరేం?"

"భలేదానివే! అందరం మూసుకుంటే చూసేదెవరు?"

కాజాలామెకు ఒళ్ళు మండిపోయింది. బల్ల కావాలి, చూపూ కావాలి. అయినా, "నేను మూసుకోనండి" అనేసింది. ఏం పోగొట్టుకుంటోందో తెలిసే అంది.

నేరుగా వదిన మిషను దగ్గరికి వెళ్ళింది. "తప్పయిపోయింది వదినా. నిన్ను అనవసరంగా అనుమానించాను."

వదిన కాలర్ మీంచి తల ఎత్తలేదు.

"నువ్వు దేవుణ్ణి నమ్మవంటే నేనేం బాధపడలేదే. నీ ఇష్టం నీది అనుకున్నా," అంది. "నన్నూ నమ్మవని నిన్ననే తెలిసింది."