బిస్మత్ గొట్టానికి కాపలా

బ్లాజెనా ఊపిరి బిగబట్టి అలమర తలుపు వేలెడంత తెరిచింది. లోపల సన్నని గాజు గొట్టం. దాని అడుగున బిస్మత్ ద్రావణం, పైన వారం కిందట తను చుక్కచుక్కగా దించిన రెండో ద్రావణం. రెండూ కలిసే చోట గాజును పట్టుకుని పసుపుపచ్చని నలుసులు. నిన్న లేవు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. బురద కాదు, స్ఫటికపు అంచులున్నాయి. తలుపు మూసి మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఎడమ భుజం పొద్దుటి నుంచి లాగుతూనే ఉంది.

చెక్ దేశంలోని పార్దుబిత్సె విశ్వవిద్యాలయపు ఆ పాత ప్రయోగశాలను ఖాళీ చేసే రోజు అదే. హమాలీలు అప్పుడే మెట్లెక్కుతున్నారు.

బిస్మత్ బరువైన మూలకం. తన మూడు బంధాలూ కుదిరాక కూడా వాటి వెనుక వైపున ఇంకొకరిని లాక్కునే చోటు మిగుల్చుకుంటుంది. అదే కుటుంబంలోని తేలికపాటి నత్రజనికి ఆ బుద్ధి దాదాపు లేదు. ఆ లాగుడుతోనే నాలుగు అణువులు ఒక డబ్బాలా కూడుకుంటాయని ప్రొఫెసర్ వ్రానా నమ్మకం. మంచి స్ఫటికం దొరికితేనే రుజువు. స్ఫటికాలు పెంచడం బ్లాజెనా ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఆమె పోసిన గొట్టాల్లో ముప్పాతిక వంతు బురదే అయ్యాయి. బడిలో ఆమెను మొద్దు అన్నారు, పోయిన మొగుడు బండ అనేవాడు. కదలకుండా కూర్చోవడం ఒక్కటే ఆమెకు బాగా చేతనయ్యేది. దానికి జీతమిచ్చే చోటు ఇదొక్కటే దొరికింది.

"పెద్దమ్మా, కాస్త జరిగితే ఆ అలమర కూడా దించేస్తాం," అన్నాడు హమాలీల మేస్త్రీ లూదెక్.

"జరగను."

"ఏముందేంటి అందులో, బంగారమా?"

"బంగారమైతే నువ్వు ఎత్తుకుపోయినా ఊరుకునేదాన్ని. ఇది కుదిపితే పిండైపోద్ది. ఇంకా ఎదగాలి, సోమవారం దాకా ఎవడూ ముట్టుకోడానికి వీల్లేదు."

కుర్చీ లాక్కుని తలుపులకు అడ్డంగా కూర్చుంది.

"మిమ్మల్ని లేపాలంటే క్రేన్ కావాలి!"

"తెప్పించు. నేనూ చూస్తా."

గోల విని వ్రానా వచ్చాడు. "బ్లాజెనా గారూ, సాయంత్రానికి తాళాలు అప్పగించాలి. కొత్త చోట ద్రావణాలు మళ్ళీ పోద్దాం లెండి."

"ఈ బిస్మత్‌ని రెండేళ్ళుగా పోస్తూనే ఉన్నా. అంచు కట్టింది ఇదొక్కటే. మళ్ళీ అనే మాట నా దగ్గర అనకండి."

"మరి డీన్ గారికి ఏం చెప్పమంటారు?"

"బ్లాజెనా లేవనంటోందని చెప్పండి. ఇన్నేళ్ళలో ఆయన్ని నేనేదీ అడగలేదు. ఇప్పుడూ అడగట్లేదు, చెప్తున్నా."

వ్రానా తల పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండుతోంది, లోలోపల హాయిగానూ ఉంది. బస్సులో, క్యూలో, ఇంట్లో ఎవరు జరగమన్నా జరిగిన మనిషి. ఈ ఒక్కరోజు జరగదు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. తర్వాత చూసుకోవచ్చులే అనుకుని చేతులు కట్టుకుంది.

మధ్యాహ్నం బల్లలు వెళ్ళిపోయాయి, గ్యాసు సిలిండర్లు వెళ్ళిపోయాయి. గడ్డం గుండెకు ఆనించి ఆమె అలాగే కూర్చుని ఉంది. హమాలీలు అడుగులో అడుగు వేసుకుంటూ ఆమెకు దూరంగా తిరిగారు. అలమర వైపు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

చీకటి పడుతుండగా ఇంకోసారి బతిమాలదామని వచ్చిన వ్రానా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. వైద్యులు వచ్చారు, చేసేదేమీ లేదన్నారు. నలుగురు కలిసి ఆమెను మోసుకెళ్ళారు.

లూదెక్ టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "సార్... మరి ఆ అలమర? దించమంటారా?"

వ్రానా ఖాళీ కుర్చీని చూశాడు. తాళాల గుత్తి జేబులో వేసుకుని అందులో కూర్చున్నాడు.

"వద్దు. డీన్ గారు అడిగితే నేను లేవనంటున్నానని చెప్పు."

కిటికీ గట్టు మీద లూదెక్ ఆమెకని పెట్టి వెళ్ళిన వడకట్టని కాఫీ గ్లాసు ఉంది. పొడి అంతా అడుక్కి దిగి, పైన తేటగా, ఎవరూ కదపకుండా.