ఖాళీగా ఇవ్వకూడని గిన్నె

ఆరేళ్ళుగా నన్ను ఒక అనుమానం తినేస్తోంది. ఆసుపత్రి వరండాలో, అక్కడ ఊడ్చే ఓపల్ టాకెట్ తోపుడుబండిలోంచి కాపలావాడు పిస్తోలు బయటికి తీసినప్పుడు ఆమె తలెత్తి నావైపు చూసింది. అది నాదని ఆమెకు తెలుసా? తెలిసే ఊరుకుందా? మోకరించి ప్రార్థన చేసినప్పుడల్లా దేవుణ్ణి ఇదే అడిగాను. అడగవలసింది ఓపల్‌ని అని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

మొన్న మంగళవారం నా భార్య వర్నాని మళ్ళీ అదే ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. చక్కెర జబ్బు వల్ల ఆమె కాలి వేలు పుండయింది. కొండదారిలో గంటన్నర ప్రయాణం. పెట్రోలుకే ఇరవై రెండు డాలర్లయింది. డాక్టరు చూడకముందే నూటపది డాలర్లు కట్టమన్నారు. వాకిట్లో కొత్తగా ఆయుధాలు పసిగట్టే ఇనుప ద్వారం ఒకటి పెట్టారు. నేను దాటగానే అది కూత పెట్టింది. నా పిస్తోలు ట్రక్కులోనే ఉంది. కూసింది బెల్టు కొలికిని చూసి. అయినా నా వీపంతా చెమట పట్టింది.

"నడుముకి ఏం కట్టావు పెద్దాయనా? ఇంటావిడంటే అంత భయమా?" అన్నాడు కాపలావాడు.

"ఆ భయమే ఉంటే ఎప్పుడో బాగుపడేవాడు" అంది వర్నా.

అతను నవ్వి నన్ను వదిలేశాడు. నడవలేని వర్నాని చక్రాల కుర్చీలో కూర్చోబెడుతూ మాట కలిపాడు. "ఏమీ అనుకోకమ్మా. ఆరేళ్ళ కిందట ఇక్కడ ఊడ్చే ఆవిడకి మొగవాళ్ళ మరుగుదొడ్లో పిస్తోలు దొరికిందట. గుడ్డల కింద దాచి ఇంటికి పట్టుకుపోబోయిందట. కొత్తగా చేరినవాళ్ళకి మా పైవాళ్ళు ముందు చెప్పే కథ ఇదే."

"ఎవరావిడ?"

"టాకెట్ అని ఎవరో."

"ఓపలా? మా గుడి తాళంచెవి ఇరవయ్యేళ్ళు ఆవిడ దగ్గరే ఉండేది. ఆవిడ దొంగేమిటయ్యా? నోరు కడుక్కో! ఇంతకీ ఏ నెలలో?"

"ఏప్రిల్లో అనుకుంటానమ్మా."

వర్నా వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుంది. ఆ ఏప్రిల్లోనే ఆమె కడుపులో గడ్డకు ఇక్కడే ఆపరేషన్ చేశారు. పైవాళ్ళతో ఏదో గొడవపడి ఓపల్ పని పోగొట్టుకుందని అప్పట్లో ఆమెకు చెప్పింది నేనే. మా నాన్న పిస్తోలు అమ్మేశానని చెప్పిందీ నేనే. డాక్టరు పిలిచేదాకా మేమిద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె నా ముఖం కేసి చూడకుండా అడిగింది.

"మీ నాన్న పిస్తోలు ఎవరికి అమ్మావయ్యా?"

నాలుక చివరిదాకా ఒక అబద్ధపు పేరు వచ్చింది. కానీ చెప్పలేకపోయాను. ఆమెకు అర్థమైంది.

"ఓపల్ గిన్నె ఇంకా మన అలమరలోనే ఉంది. ఇచ్చేసి రా" అంది.

"నువ్వేమన్నా వండి పెడితే..."

"నేను వండను. నువ్వే వండు. ఖాళీగా మాత్రం ఇవ్వకు."

మా కొండల్లో అదొక కట్టడి. ఎవరింట్లోనైనా మంచాన పడితే సంఘంలోని ఆడవాళ్ళు వండి తెస్తారు. గిన్నె అడుగున తెల్ల టేపు అంటించి పేరు రాస్తారు. తిన్నవాళ్ళు గిన్నె కడిగి, అందులో ఏదో ఒకటి పెట్టి తిరిగి ఇవ్వాలి. ఖాళీ గిన్నె తిప్పి పంపేవాళ్ళని మా అమ్మ మనుషుల్లో లెక్కవేసేది కాదు. వర్నా ఆపరేషన్‌కి ముందురోజు, ఆసుపత్రిలో పని దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, ఓపల్ గాజుగిన్నె నిండా కోడిమాంసం, పిండి ఉండలు వేసిన పులుసు ఇచ్చి వెళ్ళింది. ఆమె తెచ్చినది తిని, మర్నాడు నేను చేసింది ఇదీ.

పిస్తోలు మోసేవాళ్ళందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. మరుగుదొడ్లో కూర్చోవాలంటే బెల్టు విప్పాలి. ఒర జారి నేలమీద పడుతుంది. అందుకని దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలిస్తాం. ఆయుధాలు తేకూడదన్న బోర్డు ఆసుపత్రి గోడమీద ఉండనే ఉంది. నేను చదివాను. అది వేరేవాళ్ళకి అనుకున్నాను. చొక్కా కిందకు లాక్కుని లోపలికి వెళ్ళాను. ముప్పై ఒక్క ఏళ్ళు కంకర లారీ తోలాను. ఆ పిస్తోలు ఒక్కసారి కూడా ఒరలోంచి తీయవలసి రాలేదు. ఎవరికి భయపడి మోశానో ఇప్పుడు ఆలోచిస్తే ఒక్క పేరూ గుర్తు రాదు. మొదట మా నాన్న మోశాడు, తర్వాత నేను మోశాను. ఆదివారం 'ప్రభువే నా కోట' అని పాడేవాళ్ళం. పాడుతున్న మగవాళ్ళలో సగం మంది చొక్కాల కింద ఎత్తుగా ఉండేది.

ఆ రోజు నేను మరుగుదొడ్లో ఉండగానే నర్సు ఫోన్ చేసింది. వర్నాని ఆపరేషన్ గదిలోంచి బయటికి తెచ్చారు, రమ్మంది. బెల్టు బిగించుకుంటూ పరుగెత్తాను. మూడో అంతస్తుకు చేరాక నడుము తడుముకుంటే ఖాళీ. మళ్ళీ కిందికి పరుగెత్తాను. అప్పటికే కాపలావాడు ఓపల్ తోపుడుబండి ఆపి గుడ్డలు తీసి చూస్తున్నాడు.

"గుడ్డల కింద ఎందుకు దాచావ్?" అని గద్దించాడు.

"నెత్తిమీద పెట్టుకుని ఊరేగమంటారా? ఎవరో ముసలాయన మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి వస్తున్నాడు. ఆ పిల్ల తల ఎత్తుకి వేలాడుతోంది అది. మీకు ఇద్దామనే తెస్తున్నా" అంది ఓపల్.

ఆయుధం కనబడితే ముట్టుకోకుండా అక్కడే నిలబడి అరవాలన్నది రూలు. ఆమె ముట్టుకుంది. పందొమ్మిదేళ్ళ పని, గంటకి తొమ్మిది డాలర్ల నలభై సెంట్లు, ఆ సాయంత్రంతో పోయాయి. పిస్తోలు తెచ్చినవాణ్ణి ఎవరూ వెతకలేదు. దాన్ని ఎత్తినదాన్ని పంపేశారు.

ఆయుధంతో పట్టుబడిన మనిషిని మళ్ళీ గడప తొక్కనివ్వరని ఆ బోర్డు మీదే రాసి ఉంది. పైన వర్నా మత్తులో ఉంది. కళ్ళు తెరిచేసరికి నేను పక్కన లేకపోతే ఎలా అని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. ఆ క్షణానికి అది నిజమే. కానీ వర్నా పదిరోజుల్లో ఇంటికి వచ్చేసింది. మిగిలిన ఆరేళ్ళకి నా దగ్గర సాకు లేదు. పైగా ఆ వేసవిలోనే రెండువందల ఎనభై తొమ్మిది డాలర్లు పెట్టి ఇంకో పిస్తోలు కొన్నాను.

శనివారం ఉదయం నేనే మొక్కజొన్న రొట్టె కాల్చాను. అంచులు మాడాయి. వర్నా వంటింటి గుమ్మంలో కూర్చుని చూసిందేగాని ఒక్క సలహా చెప్పలేదు. పిస్తోలు సొరుగులో పెట్టి తాళం వేశాను. దారి పొడుగునా నా చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోతూనే ఉంది.

ఓపల్ పక్క జిల్లాలో కోళ్ళ ఫ్యాక్టరీ వెనక, చక్రాల మీద నిలబెట్టిన రేకు ఇంట్లో ఉంటోంది. తలుపు తీసి నన్ను, నా చేతిలో గిన్నెని చూసింది. ఆమె కుడిచేతి వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి. చలిగదిలో ఎనిమిది గంటలు నిలబడి కోళ్ళు కోసే చేతులు అలాగే అవుతాయని విన్నాను.

"నువ్వా, వెండెల్ అన్నా! నా గిన్నెకి దారి దొరికిందన్నమాట. వర్నాకెలా ఉంది?"

"కాలు బాగాలేదు. చెల్లెమ్మా, నీకొక మాట చెప్పాలి."

"చెప్పు. నిలబడే చెప్తావా, కూర్చునా?"

కూర్చుంటే చెప్పలేననిపించింది. నిలబడే చెప్పాను. "ఆ పిస్తోలు నాది. మా నాన్నది. మర్చిపోయి వదిలేశాను. నేరం నీ మీద పడ్డప్పుడు అక్కడే ఉండి నోరు విప్పలేదు."

"తెలుసు" అంది ఓపల్.

ఎలాగని అడిగాను.

"నేల తడిగా ఉందని నేను బోర్డు పెడుతుంటే నువ్వు లోపలికి వెళ్ళావు. నాకు తగిలి, 'సారీ' అని కూడా అన్నావు. బయటికి పరుగెత్తినప్పుడు 'అన్నా' అని పిలిచాను. నువ్వు నన్ను చూళ్ళేదు. చీపురు పట్టుకున్నదాని ముఖం ఎవరు చూస్తారు? ముందురోజు నా చేతి పులుసు తిన్నవాడివే."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నిన్ను గెంటేసేవాళ్ళు. వర్నా లేచేసరికి పక్కన ఎవరుండాలి? అదెలాగూ బయటపడుతుంది, రెండు రోజులు పోతే అన్నే వచ్చి చెప్తాడులే అనుకున్నా." ఆమె కిటికీ వైపు చూసింది. "తర్వాత వారం అనుకున్నా. తర్వాత ఈస్టరు అనుకున్నా. మన గుళ్ళోకి వస్తే నువ్వు పాడుతూ కనిపిస్తావు. అందుకని గుడే మానేశాను. ఊడ్చే పనికి ఎక్కడికి వెళ్ళినా పాత చోట అడిగేవాళ్ళు. దొంగ అని చెప్పేవాళ్ళు. ఇక్కడ కోళ్ళకి అవేమీ పట్టవు."

నేను జేబులోంచి కాగితం తీశాను. జరిగినదంతా అందులో ముందే రాసి సంతకం పెట్టి తెచ్చాను. "సోమవారం తొమ్మిదింటికి ఆసుపత్రి ఆఫీసులో ఇస్తాను. ఏ శిక్ష వేసినా పడతాను."

"వర్నా కాలికి అక్కడికే తిప్పాలిగా? నిన్ను రానివ్వకపోతే?"

"వర్నాయే వెళ్ళమంది."

ఆమె కాగితం తీసుకోలేదు. "ఇవ్వడం కాదు. చదువు. వాళ్ళ ముందు గట్టిగా చదువు. ఆ పూట కూలి పోయినా నేనూ వస్తాను. నాకది వినాలని ఉంది."

"చదువుతాను. చెల్లెమ్మా, నన్ను..."

"వద్దు" అని ఓపల్ చెయ్యెత్తింది. "క్షమించానని నాచేత ఇవాళ చెప్పించకు. పెదవుల మీంచి అనేయగలను. గుళ్ళో అలవాటేగా. అనను."

ఆమె నా చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. ముడుచుకున్న వేళ్ళతో పట్టుకోలేక మోచేతుల మధ్య ఇరికించుకుంది. సాయం చేద్దామని నేను ముందుకు వంగితే ఆమె పక్కకు తిరిగిపోయింది. రొట్టెని ఒక పళ్ళెంలోకి బోర్లించి, మాడిన అంచు కొంచెం తుంచి నోట్లో వేసుకుంది.

"ఉప్పు మర్చిపోయావు" అంది.

గిన్నె కడిగి, తుడిచి, తిప్పి చూసింది. అడుగున టేపు అలాగే ఉంది. మీద సిరా మాత్రం వెలిసిపోయింది. గోడమీది అలమరలో రెండు గిన్నెల మధ్య దాన్ని పెట్టింది.

"గిన్నె వరకూ తీరింది, అన్నా" అంది ఓపల్. "సోమవారం తొమ్మిదింటికి."