అక్క గడియారం

బావ మొండిఘటం. పగలు కరెంటు పని, రాత్రి చుక్కల పని. డాబా మీద రేకుల గది వేసి, టెలిస్కోపు పెట్టి, ఏళ్ళ తరబడి ఆకాశాన్ని గాలించాడు. జనం నవ్వారు. నవ్వితే నవ్వనీ!

మొన్న రాత్రి దొరికింది. ఎవరి లెక్కలోనూ లేని గ్రహశకలం, మంచి పరుగు మీదుంది. అది కనిపించిన చోటూ టైమూ, గ్రహశకలాలని నమోదుచేసే కేంద్రానికి పంపాడు. నిలబడితే పేరు పెట్టే హక్కు అతనిదే. ఏ పేరో పళ్ళ డాక్టరైన మరదలికి ఒకరు చెప్పాలా? నిరుడు పోయిన అక్క పేరు కాక ఇంకెవరిది పెడతాడు!

ఇవాళ పొద్దున్నే కేంద్రం నుంచి జవాబు. ఆ చోట ఎవరు వెతికినా ఏమీ కనబడలేదు, సాయంత్రంలోగా సరిచేయకపోతే కొట్టేస్తామని. డాక్టరమ్మ క్లినిక్కుకి తాళం వేసి పరుగెత్తుకొచ్చింది. కెమెరాలో మచ్చని చూసి మురిసిపోయానేమోనని బావ కుర్చీలో కూలబడి గొణుగుతున్నాడు. అక్క రెండోసారి పోతున్నట్టు అనిపించి ఆమెకి ఏడుపొచ్చింది. ఏడిస్తే పని జరుగుతుందా?

అవే ఫొటోల్లో అందరికీ తెలిసిన పాత గ్రహశకలం ఒకటుంది. దాన్నీ లెక్కతో పోల్చి చూసింది. ఉండాల్సిన చోటుకి అదీ పది నిమిషాలు వెనకే ఉంది. అంటే తప్పు చుక్కది కాదు, టైముది.

కంప్యూటర్లో టైము ఎలా పెట్టావని నిలదీసింది. ఆ రాత్రి నెట్ లేదట, గోడ గడియారం చూసి పెట్టాడట. ఆమె తలెత్తి చూసింది. ఈ మహానుభావుడు ఒక్కపూటైనా వేళకి అన్నానికి రాడని, ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుకు తిప్పింది ఎవరు?

"బావా, అది అక్క టైము."

బావ గభాల్న కంప్యూటర్ ముందుకి జరిగాడు. టైములోంచి పది నిమిషాలు తగ్గించి మళ్ళీ పంపాడు. ఇక్కడ పగలైతేనేం, ఎక్కడో రాత్రేగా, అక్కడివాళ్ళు వెతుకుతారు. ఇద్దరూ జవాబు కోసం కూర్చున్నారు, నీళ్ళు కూడా ముట్టలేదు. చీకటి పడ్డాక జవాబొచ్చింది. దొరికిందట, రెండు చోట్ల నుంచి చూశారట.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుని, గడియారం సరిచేద్దామని స్టూలెక్కింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకమ్మా. ఆ పది నిమిషాలు నేనే తీసేసుకుంటాను."

కాసేపటికి ఆ గడియారం ఎనిమిది కొట్టింది, అక్క అన్నం వడ్డించే వేళ. బావ లేచి, అన్నం తిందాం పదమన్నాడు. ఎవరూ పిలవకుండా అతను వేళకి లేవడం ఆమె చూడ్డం అదే మొదలు.