రాణి వెళ్ళిపోయిన అధ్యాయం

ఎడారి దేశంలో, అల్ వక్రా ఊళ్ళో సత్యనారాయణ ఇంట్లో రోజూ సాయంత్రం కాఫీ తర్వాత మంచు కురిసేది. కూతురు ధాత్రికి సెలవుల హోంవర్కుగా స్వీడన్ రాజు కార్ల్ యోహాన్ కథ ఇచ్చారు. సత్యనారాయణ అది చదివి చెప్పడం మొదలుపెడితే చాలు, హాల్లో మంచు రాలేది. భార్య విజయరాణి వడియాల పళ్ళెం పక్కకు జరిపేది. కింది ఫ్లాటు సుమలత ఫోన్ చేసి, "వదినగారూ, రాజు ఇవాళ యుద్ధానికి వెళ్ళాడా? మా సీలింగు కారుతోంది" అనేది.

"ఫ్రాన్సులో పుట్టాడు. స్వీడన్ వాళ్ళు పిలిచి రాజును చేశారు. చచ్చేదాకా వాళ్ళ భాష రాలేదు!" అని సత్యనారాయణ మురిసిపోయేవాడు. తనకూ అరబ్బీ రాలేదు మరి. వచ్చిన కొత్తలో కొట్టువాడు చింతపండు "మాఫీ" అంటే, లేదంటున్నాడని తెలియక, మన రుణమాఫీలో మాఫీ అనుకుని, "మాఫీ ఎందుకయ్యా, నువ్వేం తప్పు చేశావని?" అంటూ అరగంట నిలబడ్డ మనిషి.

ఆ మంచుకో పట్టింపుంది, నిజం చెబితేనే పడుతుంది. ఓసారి రాజుగారి చేత పులిని చంపించబోతే ఇంట్లో వడగాలి కొట్టింది.

విజయరాణికి ఒళ్ళు మండేది కూడా అబద్ధానికే. సముద్రం పక్కన ఇల్లు, ఏడాదంతా చల్లగాలి అని చెప్పి తీసుకొచ్చాడు మొగుడు. ఇక్కడ కుళాయి నీళ్ళతో టీ పెట్టుకోవచ్చు. అడిగితే, "ఈ ఏడే ఇలా" అంటాడు. ప్రతి ఏడూ అదే మాట.

"రాజమండ్రి ఎండే నయమండీ. ధాత్రిని తీసుకుని వెళ్ళిపోతున్నా. ఇక రాను" అని టికెట్లు తీసేసింది.

అప్పటినుంచి మంచు ఆగిపోయింది. సత్యనారాయణ ఒక అధ్యాయం దాటేశాడు.

"నాన్నా, ఆ రాజుగారి రాణి ఏమైంది?" అంది ధాత్రి.

"వంట చేసుకుంటోందమ్మా."

ముగ్గురికీ చెమటలు పట్టాయి.

ప్రయాణం రోజు సూట్‌కేసులు గుమ్మం దగ్గరికి చేరాయి. "హోంవర్కు పూర్తవలేదు, రాణి సంగతి చెప్పు" అని ధాత్రి భీష్మించుకుంది. సత్యనారాయణ సూట్‌కేసు మీద కూలబడ్డాడు.

"వెళ్ళిపోయింది. అప్పటికింకా యువరాణి. స్వీడన్ చలికి తట్టుకోలేక పారిస్ వెళ్ళి, పన్నెండేళ్ళు రాలేదు."

ఒక పలుకు మంచు ఆయన ముక్కు మీద పడింది.

"రాజు ఎలా ఉన్నాడో నాకు తెలీదు. నేనుండలేను, రాణీ. చల్లగాలి మాట అబద్ధం. నిజం చెబితే నువ్వు రావని భయపడ్డాను. మాఫీ చెయ్యి."

అంతే, మంచు కుండపోతగా దిగింది. చెప్పులు మునిగాయి, సూట్‌కేసులు మునిగాయి. ధాత్రి అట్లకాడతో తవ్వబోతే తల్లి దాన్ని లాక్కుని వంటింట్లో పెట్టి వచ్చింది.

తలుపు అవతల టాక్సీ ఫుర్ఖాన్ తట్టాడు. "మేడమ్, సామాన్?"

విజయరాణి కొంగుతో మొగుడి బట్టతల మీది మంచు తుడిచింది.

"మాఫీ" అంది.

ఫుర్ఖాన్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ మాట ఫుర్ఖాన్‌తో అందో, తనతో అందో సత్యనారాయణ ఇప్పటికీ అడగలేదు.