స్వామికిచ్చిన పుస్తకం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ముప్పై ఏడేళ్లకు ప్రభుత్వానికి కుప్పయ్య గుర్తొచ్చాడు. అంతవరకూ పదిహేనేళ్లు పటాలంలో ఉన్నవాళ్లకే పింఛను. బర్మా అడవుల్లో నాలుగేళ్లు రోడ్లు వేసి, మలేరియాతో ఎముకల గూడై తిరిగొచ్చిన కుప్పయ్యలాంటి వాళ్లకు ఒక రైలు టిక్కెట్టిచ్చి దండం పెట్టేశారు. ఇప్పుడేమో ఆ యుద్ధంలో పనిచేసి పింఛను లేనివాళ్లకూ, వాళ్ల విధవలకూ నెలనెలా భృతి ఇస్తామని జీవో వచ్చింది. అతని ఊరు ఐరాలలో రేడియో ఉన్న ప్రతివాడూ ఆ మాట కుప్పయ్య చెవిన వేశాడు.

కుప్పయ్య ఆశపడింది తన కోసం కాదు. అతని చేతుల వణుక్కి పార నిలవదు. అందుకని భార్య నాగులమ్మ అరవయ్యేళ్ల వయసులో బెల్లం గానుగ దగ్గర పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తోంది. పొగకు కళ్లు పుండ్లయ్యాయి. ఈ ఏడు మానకపోతే చూపు పోతుందని డాక్టరు చెప్పాడు. మానితే గంజికి దారి లేదు. భృతి రాగానే మాన్పిస్తానని కుప్పయ్య మాటిచ్చాడు. ఆ పిచ్చిది నమ్మి, సోమవారం నుంచి రానని మేస్త్రీకి ముందే చెప్పేసింది.

చిత్తూరు ఆఫీసులో గుమాస్తా సుదర్శనం నామం పెట్టుకున్న మంచి మనిషి. కుర్చీ చూపించి, దరఖాస్తు తనే నింపాడు. సిపాయి నంబరు అడిగితే కుప్పయ్య లేచి నిలబడి గడగడా అప్పజెప్పాడు. అంతా సాఫీగా సాగి, పటాలం వదిలేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి పుస్తకం దగ్గర ఆగింది.

"అది స్వామికి ఇచ్చేసినాను సామీ," అన్నాడు కుప్పయ్య.

ఆ కథంతా చెప్పాడు. కొడుకు ప్రాణాలతో వస్తే నిలువుదోపిడీ ఇప్పిస్తానని అతని తల్లి మొక్కుకుంది. ఒంటిమీద ఏముంటే అది, మొలతాడుతో సహా, కొండమీద హుండీలో వెయ్యాలి. ఒక్కటి దాచుకున్నా మొక్కు చెల్లదు. రైలు దిగినవాణ్ణి ఆమె ఇంటికైనా రానివ్వకుండా కొండకు నడిపించింది. కూడా దిగిన నగరి స్నేహితుడు ప్రేమానందం, కాగితాలు తన దగ్గర పెట్టమని స్టేషన్లోనే బతిమాలాడు. తల్లి ఒప్పుకోలేదు.

"బిడ్డనిచ్చినోడి కాడ కాగితం దాస్తావా?" అనింది.

పతకం, గడియారం, చొక్కా, జేబులోని పుస్తకం అన్నీ హుండీలో పడ్డాయి. హుండీలో పడింది మళ్లీ అడగరాదు.

సుదర్శనం కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. ఇంత నికరంగా మొక్కు తీర్చినవాణ్ణి తానెరగనన్నాడు. తర్వాత కళ్లు తెరిచి దరఖాస్తు వెనక్కిచ్చాడు. నంబరు రాసి పంపితే దొరకదా అని కుప్పయ్య అడిగాడు. అతను పనిచేసిన పటాలం రికార్డులు మిగల్లేదని ఇదివరకే జవాబొచ్చిందట. ప్రేమానందం చేత సాక్ష్యం ఇప్పిద్దామంటే అతను పోయి ఆరేళ్లు. అతని భార్యకు పోయిన నెలే భృతి మంజూరైంది. బైబిల్లో పెట్టి దాచిన పుస్తకం తెచ్చి చూపించిందట.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు, పాపం.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. నాగులమ్మ తడిగుడ్డ కళ్లమీద పెట్టుకుని అంతా వినింది. అత్తను తిట్టలేదు. ఆ మొక్కు వల్లే కదా తనకు మొగుడు దక్కాడని ఆమె ఇన్నేళ్లూ నమ్మింది.

"ఆ పొద్దు నీ ఒంటిమీద ఉండేదంతా ఇచ్చినావు," అనింది చివరికి. "నా కండ్లు బాకీ ఉండాయేమోలే."

కుప్పయ్యకు ఏడుపొచ్చింది.

సోమవారం తెల్లవారి ఆమె గానుగకు బయల్దేరింది. ముప్పై ఏడేళ్లుగా రోజూ గడప దాటగానే కొండ దిక్కుకు తిరిగి దండం పెట్టుకునే కుప్పయ్య ఆ రోజు పెట్టుకోలేదు. దారి సరిగా కనబడక ఆమె తడుముకుంటుంటే, చెయ్యి పట్టుకుని గానుగ దాకా దిగబెట్టి వచ్చాడు.