అద్దం పగలగొట్టినవాడు

నాయుడుపేట టాక్సీ స్టాండులో రంగనాయకులి బండికున్న గౌరవం రంగనాయకులికి లేదు. మద్రాసులో ఎవరో డాక్టరు వాడి వదిలేసిన అంబాసిడరు అది. చిట్టమూరు దగ్గర తాతలనాటి మాగాణి అమ్మి తెచ్చుకున్నాడు. పొలాన్ని నమ్ముకున్నవాళ్ళు ఏం బాగుపడ్డారని అతని వాదన. పెళ్ళాం వెంకటశేషమ్మ వాదనకు దిగలేదు. ఆ రోజు నుంచి బండిని బండి అనడం మానేసింది, అంతే. సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే "మన పొలాన్ని యాడ నిలబెట్టొచ్చినావు?" అని అడిగేది. అతను నవ్వేసేవాడు. ఆ రోజుల్లో బాడుగలు బాగానే దొరికేవి, నవ్వొచ్చేది.

బండి కొన్న కొత్తలోనే ఇన్సూరెన్సు ఏజెంటు పద్మనాభయ్య వచ్చి వాలాడు. మనిషి మెత్తన, మాట ఇంకా మెత్తన.

"ఎదుటోడికి దెబ్బ తగిలితే ఇచ్చేది ఒక పాలసీ, అది సర్కారు రూలు. నీ బండికి దెబ్బ తగిలినా ఇచ్చేది ఇంకొకటి. అది కట్టుకున్నావంటే కాళ్ళు చాపుకోని నిద్రపోవచ్చు రంగనాయకులూ. వరదకీ తుఫానుకీ మాత్రం విడిగా కట్టుకోవాల."

"నాది టాక్సీనా, పడవా?" అన్నాడు రంగనాయకులు. స్టాండంతా గొల్లుమంది. వరద సంగతి వదిలేసి మిగతాదానికి కట్టాడు. ఆ ఇంగ్లీషు కాయితాన్ని దేవుడి పటం వెనక దోపి, ఇక తన బండికి ఏం జరిగినా కంపెనీ చూసుకుంటుందని గుండె మీద చెయ్యేసుకున్నాడు. అందులో ఏముందో చదవాలని అతనికి తోచలేదు. పద్మనాభయ్య చదివాడో లేదో ఆ భగవంతుడికే తెలియాలి.

అరవై మూడులో కార్తీకమాసం వానలు పట్టినప్పుడు సముద్రం ఒడ్డు పాలేనికి ఒక బాడుగ తగిలింది. ఏడేళ్ళ కూతురు మస్తానమ్మ సముద్రం చూస్తానని మారాం చేస్తే ముందు సీటులో కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. బాడుగవాళ్ళను దించి తిరిగొచ్చేటప్పటికి వాగు చప్టా మీద పారుతోంది. ముందు పోయిన ఎద్దులబండి దాటింది కదా, మనకేమని పోనిచ్చాడు. సగం దాటాక వెనక చక్రాలు జారాయి. బండి చప్టా దిగిపోయి, కుడిపక్క నీళ్ళలో మునిగి, ఎడంపక్క మీదికి లేచి, రాళ్ళ మధ్య ఇరుక్కుంది. తలుపులు బిగుసుకుపోయాయి. అద్దం దించే పిడి తిప్పితే చేతిలోకి ఊడొచ్చింది. నీళ్ళు నడుం దాకా వచ్చాయి, తర్వాత రొమ్ము దాకా వచ్చాయి. పిల్లను తలమీదికి ఎత్తిపట్టుకుని రంగనాయకులు గొంతు చించుకున్నాడు.

చప్టా దిగువన పాలెం జాలరి నరసయ్య వల విసురుతున్నాడు. రైలుస్టేషనుకు చేపల గంపలు వేసే బేరంలో రంగనాయకులికి బాగా ఎరికైనవాడే. వల అక్కడే పారేసి, గెడ పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు. బండి మీదికెక్కి లోపలికి చూశాడు.

"పగలగొట్టు! అద్దం పగలగొట్టు నరసయ్యా!"

ఆ మాట రంగనాయకులు నోటితోనే అన్నాడు. ముందు తలుపు అద్దం పగిలింది, పిల్ల బయటికొచ్చింది. వెనక తలుపు అద్దం పగిలింది, అప్పటికి వెనక సీటులోకి కొట్టుకుపోయిన తండ్రి బయటికొచ్చాడు. నరసయ్య ముంజేయి గాజుపెంకులకు చీరుకుపోయి నెత్తురు కారుతోంది. ఆ చేత్తోనే పిల్లను భుజాన వేసుకుని ఒడ్డుకు చేర్చాడు. రంగనాయకులు ఆ బురదలోనే అతని కాళ్ళ మీద పడ్డాడు.

"ఏందన్నా ఇది, లెయ్యి. పాపకు ఒళ్ళు తుడువు ముందు" అన్నాడు నరసయ్య.

మర్నాడు నీళ్ళు తగ్గాక పాలెం మొగాళ్ళంతా మోకులు కట్టి బండిని లాగిపెట్టారు. ఒక్కడూ కూలి అడగలేదు. మెకానిక్కు తిమోతి ఇంజను విప్పి, బురద కడిగి, ఎట్లాగో నడిచేటట్టు చేశాడు. కానీ ఎడంపక్క రెండద్దాలూ లేవు, తలుపు సొట్టపోయింది. అవి మద్రాసు నుంచి రావాలి. అవి లేనిదే రోడ్డెక్కడానికి వీల్లేదని బ్రేకు ఇన్‌స్పెక్టరు ఖండితంగా చెప్పాడు. టాక్సీ వాకిట్లో గోనెపట్టాల కింద నిలబడిపోయింది. పొలం లేదు, బండీ లేదు. వెంకటశేషమ్మ ఎత్తిపొడుపులు కూడా మానేసింది. ఆమె మాట్లాడకపోతే ఇంట్లో ఎంత భయంగా ఉంటుందో రంగనాయకులికి అప్పుడు తెలిసొచ్చింది.

కాయితం పట్టుకుని పద్మనాభయ్య దగ్గరికి పరిగెత్తాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. పద్మనాభయ్య అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వరదలో పోయినదానికి కంపెనీ ఇవ్వదు. ఆ రోజు నువ్వే వద్దన్నావు."

"అద్దాలు వరదకు పగల్లేదయ్యా. నరసయ్య పగలగొట్టినాడు."

"ఎవురు పగలగొట్టమన్నారు?"

"నేనే."

"నీ బండద్దాలు నువ్వు చెప్పి పగలగొట్టించుకుంటే కంపెనీ ఎందుకిస్తుంది? ఎవడన్నా దుర్మార్గుడు కావాలని పగలగొడితే ఇస్తుంది. అది ఉంది నీ పాలసీలో."

"వాడు దుర్మార్గుడు కాదయ్యా. ఆ పూట వాడు నాకు దేవుడు."

"దేవుడు చేసినదానికి అసలే ఇవ్వరు" అన్నాడు పద్మనాభయ్య. నవ్వులాటకు అనలేదు. వరదలాంటివాటిని దేవుడు చేసినవనే పాలసీలో నిజంగా రాసి ఉంది.

రంగనాయకులు కాయితాన్ని మళ్ళీ మడతపెట్టసాగాడు. అతని ముఖం చూసి పద్మనాభయ్యకు జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది.

"ఒక పని చెయ్యి. వాగు మాట ఎత్తొద్దు. బండి పాలెం దగ్గర నిలబెట్టి ఉంటే ఎవరో పగలగొట్టిపోయినారని స్టేషన్లో రాసియ్యి. ఎవరో తెలీదను. ఎవరి పేరూ చెప్పొద్దు. పోలీసోళ్ళు నాలుగు రోజులు తిరిగి దొరకలేదని రాసేస్తారు. ఆ కాయితం చాలు కంపెనీకి. ఎవురికీ నష్టం లేదు."

ఎవురికీ నష్టం లేదన్న మాట రంగనాయకులికి చల్లగా తగిలింది. నరసయ్య పేరు తను చెప్పడం లేదు కదా. అట్లాగే రాసిచ్చాడు.

పద్మనాభయ్యకు పాలెం కట్టుబాటు తెలియదు. రంగనాయకులికి తెలుసు. తెలిసీ ఆ పూట గుర్తు చేసుకోలేదు, అదే అతని ఖర్మ. ఆ పాలెంలో తగువు వస్తే, తీర్పు చెప్పే ఊరిపెద్ద పెద్దకాపు ఎదుట, చేసినవాడు చేసింది మాత్రమే చెప్పాలి. ఎందుకు చేశాడో తన నోటితో చెప్పుకోకూడదు. చెప్పుకుంటే తప్పించుకోవడానికి చూస్తున్నాడని లెక్క. ఆ పనివల్ల మేలు పొందినవాడు లేచి మిగతా మాట చెప్పాలి, ఊరంతటికీ తెలిసినా ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఒకసారి బాడుగ కోసం కాచుకుని ఉండి రంగనాయకులు కళ్ళారా చూశాడు. పోలేరయ్య అనేవాడు పక్కవాడి వల కోసేశాడని తగువు. "కోసినాను" అని ఒక్క మాట చెప్పి కూర్చున్నాడు పోలేరయ్య. ఆ వలలో కాళ్ళు చిక్కుకుని మునిగిపోబోయిన కుర్రాడు లేచి, తనను బతికించడానికే కోశాడని చెప్పాడు. తగువు అక్కడితో తెగిపోయింది. ఇదేం వింత న్యాయమని రంగనాయకులు ఆ రోజు నవ్వుకున్నాడు.

కానిస్టేబులు పాలెం వచ్చి, టాక్సీ అద్దాలు పగలగొట్టింది ఎవర్రా అని ఊరికే ఒక కేక వేశాడు. జవాబు వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. వల బాగుచేసుకుంటున్న నరసయ్య లేచి నిలబడ్డాడు.

"నేనే సామీ."

స్టేషన్నుంచి రంగనాయకులికి కబురొచ్చింది. పద్మనాభయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. నరసయ్య గోడవార నిలబడి ఉన్నాడు. చేతికి కట్టు ఇంకా ఉంది. రంగనాయకుల్ని చూడగానే అతని ముఖం విప్పారింది.

"పగలగొట్టినావా?" అన్నాడు ఎస్సై.

"పగలగొట్టినాను సామీ. రెండూ నేనే."

"ఎందుకు?"

"అది నేను చెప్పకూడదు సామీ. అన్న చెప్తాడు."

ఎస్సై తల తిప్పి రంగనాయకుల్ని చూశాడు. నరసయ్యా చూశాడు. అందులో బతిమాలడం లేదు, అనుమానం లేదు. తన వంతు అయిపోయింది, ఇక అన్న వంతు అన్నట్టు తీరిగ్గా నిలబడ్డాడు.

రంగనాయకులు నోరు తెరిచాడు. వాగు అన్నాడంటే, రాసిచ్చింది అబద్ధమని తేలిపోతుంది. తప్పుడు ఫిర్యాదు ఇచ్చినవాణ్ణి ఏం చేస్తారో పద్మనాభయ్య దారిలోనే చెప్పాడు. బండి ఇక రోడ్డెక్కదు. వాకిట్లో వెంకటశేషమ్మ ముఖం కళ్ళముందు ఆడింది. పక్కన పద్మనాభయ్య గట్టిగా దగ్గాడు.

"ఏమయ్యా, ఎందుకు పగలగొట్టినాడు?" అన్నాడు ఎస్సై.

"తాగున్నాడేమో సార్" అన్నాడు రంగనాయకులు.

తన నోటినుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేదు. నరసయ్య ముఖంలో రంగు మారలేదు. స్టేషను అసలు సభ కాదు, అసలు సభలో చెప్తాడులే అనుకున్నట్టున్నాడు. కోర్టులోనూ అట్లాగే, పగలగొట్టినాను దొరా అని ఒప్పుకుని, తల తిప్పి జనంలో రంగనాయకులి కోసం వెతికాడు. రంగనాయకులు అక్కడికి పోనేలేదు. ఒప్పుకున్నవాడికి విచారణ ఏముంటుంది? సంకురాత్రి దాకా జైల్లో ఉంచారు. చేపలు బాగా పడే కాలం అదే.

కంపెనీ మాట తప్పలేదు. మద్రాసు నుంచి అద్దాలొచ్చాయి, కొత్త తలుపొచ్చింది. తిమోతి బిగించి, పిడి తిప్పి చూపించాడు. వెన్నలాగా జారింది అద్దం. టాక్సీ మళ్ళీ స్టాండుకెక్కింది. రంగనాయకులు మాత్రం సముద్రం వైపు బాడుగలు మానేశాడు. ఎంతిస్తామన్నా పోడు. అన్నం సయించేది కాదు. వెంకటశేషమ్మ పెట్టినదాన్ని కెలికి లేచిపోయేవాడు. మొగుడికి జబ్బేమోనని ఆమె మొక్కులు మొక్కుకుంది. అతనికి ఏ జబ్బూ లేదు. సిగ్గుకు మందు ఎవరిస్తారు?

ఎండలు ముదిరాక ఒకరోజు బడినుంచి మస్తానమ్మను ఎక్కించుకుని వస్తుంటే నాయుడుపేట రైలుగేటు పడింది. ముందు లారీ, వెనక బస్సు. కదలడానికి వీల్లేదు. ఎడంపక్క కిటికీ దగ్గరికి ఎవరో వచ్చి వంగారు. ఎముకలు పైకి తేలిన ఆ మనిషిని రంగనాయకులు వెంటనే పోల్చుకోలేదు. పిల్ల పోల్చుకుంది.

"నరసయ్య మామా!"

"బాగుండావా పాపా" అని నవ్వి, నరసయ్య తండ్రి వైపు తిరిగాడు. "నీకోసరం స్టాండు కాడికి శానాసార్లు వచ్చినానన్నా. నువ్వు దొరకలా. జైలు సంగతి పోనీలే. ఊళ్ళో దురాయి ఏసి నన్ను ఎలేసినారు. నాకోసరం ఎవురూ మాట్లాడలేదు గదా, తప్పుచేసినోడని తీర్మానం చేసినారు. పడవెక్కనీరు, వలలో పాలియ్యరు, నా పెళ్ళాం అంకాలమ్మను బావికాడికి రానీరు. పిలకాయలు పస్తులుంటన్నారన్నా. నువ్వొచ్చి పెద్దకాపు కాడ ఆ మిగతా మాట ఒక్కటి చెప్పిపో."

రంగనాయకులు గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. పాలెంలో చెప్పిన మాట స్టేషనుకు చేరడానికి ఎంతసేపు?

"వస్తాలే" అన్నాడు.

"ఎప్పుడన్నా?"

నరసయ్య కిటికీ అంచు మీద చెయ్యి పెట్టాడు. ముంజేతి మీద మచ్చ పొడుగ్గా, తెల్లగా ఉంది.

"నీకు ఈలు కాకపోతే పాపను పంపన్నా. పాపా ఆ బండ్లోనే ఉండింది గదా. పాప చెప్పినా చాలన్నాడు పెద్దకాపు. ఎత్తుకోనిపోయి ఎత్తుకోనొచ్చి దిగబెడతా."

"నేనొస్తా మామా! నేను చెప్తా!" అంది మస్తానమ్మ, తలుపు పిడి మీద చెయ్యేసి.

రంగనాయకులు చటుక్కున వంగి కూతురి చెయ్యి లాగేశాడు. "చెయ్యి తియ్యి నరసయ్యా" అన్నాడు. అన్న చెప్పాడు కాబట్టి నరసయ్య తీశాడు. అద్దం పైకి ఎత్తాడు రంగనాయకులు. అది ఎక్కడా పట్టకుండా పైదాకా వెళ్ళింది. అవతల నరసయ్య పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఏమంటున్నాడో వినిపించలేదు.

"నాన్నా, మామ పిలస్తన్నాడు."

"వాగు మాట ఎవరి దగ్గరన్నా ఎత్తినావంటే చంపేస్తా. ఆ రోజు నువ్వు బండ్లో లేవు. ఇంట్లో ఉన్నావు. తెలిసిందా?"

మస్తానమ్మ తండ్రి ముఖం చూసింది. తర్వాత అద్దం అవతలి ముఖం చూసింది. తెలిసిందని మెల్లిగా తలూపింది.

గేటు లేచింది. వెనక బస్సు హారను కొట్టింది. నరసయ్య పక్కకు జరిగి దారిచ్చాడు.