నడిచేవాళ్ళ దారి

"నీ పనేముంది, రోడ్డు మీద డ్రమ్ములు సర్దించడమేగా! దానికి మీటింగులు కూడానా?" అన్నాడు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. సాయంత్రం ఆలస్యమవుతుందని చెప్పినందుకు వచ్చిన జవాబది. ఏదో అందామనుకున్నాను కానీ, కాలరు మాడుతుందేమోనని అటు చూశాను. ఆయనతో నా వాదనలు చాలావరకు ఇలాగే, చేతిలో ఏదో ఒక పని ఉండటం వల్ల ఆగిపోతుంటాయి.

మా కంపెనీ ఇళ్ళ మధ్య పదంతస్తుల భవనం కడుతోంది. లారీలు ఎటునుంచి రావాలి, బడి వదిలే వేళ ఎక్కడ ఆగాలి, తవ్వినచోట జనం ఎటు నడవాలి, ఇవన్నీ చూసే ఇంజనీరును నేను. ఫుట్‌పాత్ మూసినచోట రోడ్డులోంచే కొంత మేర విడదీసి, బారికేడ్ల చాటున నడిచేవాళ్ళకి దారి గీశాను. మేనేజర్ ఆ ప్లాన్ చూసి, "ఇంట్లో గిన్నెలు సర్దినట్టు ఎంత పొందిగ్గా సర్దారండీ మేడమ్!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానా అని ఆ తర్వాత చాలాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. కొద్దిరోజులకే ఆ దారినిండా ఇనుప చువ్వల కట్టలు దిగాయి. ఇదేమిటని అడిగితే, "ఇంకెక్కడ పెట్టమంటారు? నడిచేవాళ్ళకేముంది, పక్కనుంచి పోతారు," అన్నాడు.

పక్కనుంచి పోవడమంటే ఏమిటో నాకు ఒకరు చెప్పాలా! మా ఇంట్లో ఆయన ఫోన్ మాట్లాడుతుంటే నేను హాల్లోంచి కాక వెనక వరండా మీదుగా తిరిగి వెళ్తాను. భోజనాల బల్ల మీద నా డ్రాయింగులు పరుచుకుంటే, కంచాలు పెట్టే వేళకి వాటిని చుట్టి మంచం మీదికి, ఎవరైనా పడుకుంటామంటే మంచం మీంచి మళ్ళీ బల్ల మీదికి మోస్తాను. పెళ్ళయిన కొత్తలో మా అత్తయ్య చుట్టాలతో, "మా కోడలు ఇంట్లో ఉన్నట్టే ఉండదు," అని మెచ్చుకోలుగా చెబితే పొంగిపోయాను. ఆ మాట ఎంత నిజమో తెలిసిరావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆ సాయంత్రం మీటింగుకి వీధివాళ్ళంతా వచ్చారు. మేనేజర్ భవనం గొప్పదనం చెబుతుండగా మధ్యలో ఒకావిడ లేచింది. పక్కన ఆవిడ అత్తగారు, చేతికి కట్టుతో ఉంది.

"మీ చువ్వలు అడ్డమని మా అత్తయ్య రోడ్డు దిగితే లారీ రాసుకుపోయింది. కిందపడింది. ఎటు నడవమంటారో చెప్పండి," అంది కోడలు.

"దెబ్బదేముందమ్మా, అదే మానుతుంది," అంది పెద్దావిడ. "గేటు దాటాలంటేనే గుండె దడదడలాడుతోంది."

మేనేజర్ నా వైపు వంగి, "కొన్నాళ్ళు సర్దుకోమని మీరు చెప్పండి మేడమ్. ఆడవాళ్ళు చెబితే మెత్తబడతారు," అని గొణిగాడు.

లేచాను. ఆ మాట నా నాలుక మీద సిద్ధంగానే ఉంది. ఎన్నోసార్లు విన్నది, నాకు నేను చెప్పుకున్నది. తడుముకోకుండా చెప్పేయగలను. కానీ ఆ పెద్దావిడ చెవి నా వైపు తిప్పి, నోరు కాస్త తెరిచి, చిన్నపిల్లలా ఎదురుచూస్తోంది. ఆవిడ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"తప్పు మాదేనండీ. అక్కడ మీకు దారి ఉండాలి. మేమే మూసేశాం. ఆ చువ్వలు తీసి దారి ఇచ్చేదాకా ఒక్క లారీ కూడా ఈ వీధిలోకి రాదు," అన్నాను.

లారీలను ఆపే అధికారం నాకు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఉంది. నోరు తెరిచి వాడుకోవడం మాత్రం అదే మొదటిసారి. చెప్పి కూర్చున్నాను. మేనేజర్ అందరి ముందూ నవ్వుతూనే ఉన్నాడు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. "మీ మేనేజర్ నాకు ఫోన్ చేశాడు. 'మీ మిసెస్‌కి కాస్త నచ్చజెప్పండి సార్' అంటాడు! నా పరువేం కాను?"

"నాతో చెప్పాల్సింది మీతో ఎందుకు చెప్పాడు?"

"ఎందుకేమిటి? మొగుణ్ణి కాబట్టి."

"మీ మీద కోపమొస్తే మీ బాసు నాకెప్పుడైనా ఫోన్ చేశాడా?"

"అడ్డదిడ్డంగా మాట్లాడకు. పొద్దున్నే వెళ్ళి సారీ చెప్పు. ఒక్క మాటకి నీ సొమ్మేం పోయింది?"

ఫోన్‌లో చెప్పిన సంగతంతా అత్తయ్య చెవినా పడినట్టుంది. ఆవిడ కూడా అదే అంటుందనుకుని అటు చూశాను. "ఇంతకీ ఆ పడిపోయినావిడకి ఎముకేం విరగలేదు కదే?" అని అడిగింది.

"లేదు అత్తయ్యా, బెణికిందంతే."

"నా ఈడుదే అయ్యుంటుంది పాపం," అని ఊరుకుంది. కొడుకుని సమర్థిస్తూ ఒక్క మాటా అనలేదు. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మద్దతు అదేనేమో.

మర్నాడు లారీలకంటే ముందే వెళ్ళి వీధి మొదట్లో నిలబడ్డాను. ఉద్యోగం పోతుందేమోనని భయంగానే ఉంది. మొదటి లారీ డ్రైవరు హారన్ మోగించి, తల బయటపెట్టి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు. చెప్పాను. ఇంజను ఆపేసి దిగాడు. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరోటి ఆగాయి. మేనేజర్ వచ్చి అరిచాడు, నచ్చజెప్పాడు, మళ్ళీ అరిచాడు. చివరికి వేరే దారి లేక క్రేన్ తెప్పించాడు. ఒక్కొక్క కట్టా గాల్లోకి లేస్తుంటే జనం కిటికీల్లోంచి చూశారు. బారికేడ్లు వరసగా నిలబడ్డాక ఆ కోడలు సంచీతో అటుగా నడిచి వెళ్ళింది. పెద్దావిడ గేటు తీసి, దారిని అటూ ఇటూ చూసి, తల ఆడించి లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ్టికి అంతే.

మేనేజర్ కాస్త దూరంలో ఫోన్ చెవికి ఆనించుకుని నన్నే చూస్తున్నాడు. అంతలో నా ఫోన్ మోగింది. మా ఆయన.

"అవతల లైన్లో ఉన్నాడు మీవాడు, మళ్ళీ నాకే చేశాడు. ఇప్పుడు ఏం చెప్పమంటావ్?"

"రాంగ్ నంబర్ అని చెప్పండి," అన్నాను.